మా ఊసరవెల్లి కొత్త పురుగుల్ని ముట్టడం లేదు

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటాం. మా అబ్బాయి ఏడో తరగతి. వాడి పోరు పడలేక రెండేళ్ల క్రితం వెయిల్డ్ కమీలియన్ అనే జాతి ఊసరవెల్లి పిల్లను కొన్నాం. మగది, పేరు రంగా. మొదట్లో కీచురాళ్లు, అంటే షాపువాళ్లు క్రికెట్లు అనేవి, బాగానే తినేవాడు. కొన్ని నెలలుగా సూపర్‌వార్మ్స్ అనే లావుపాటి పురుగులు తప్ప ఇంకేదీ ముట్టడం లేదు. రోజూ ఆరేడు వేస్తున్నాం. మొన్న వెట్‌కి చూపిస్తే ఆరోగ్యం బాగానే ఉంది కానీ లావయ్యాడు, సూపర్‌వార్మ్స్ తగ్గించి డూబియా బొద్దింకలు, పట్టుపురుగులు పెట్టండి అన్నారు. డూబియాలు తెస్తే మా అత్తయ్యగారు ఇల్లు పీకి పందిరేశారు. ఇంత చేసి, రంగా వాటిని చూసి తల తిప్పుకుంటున్నాడు. రెండు రోజులు ఏమీ తినకపోయేసరికి మా అబ్బాయి ఏడుపు, నాకు టెన్షన్, మళ్లీ సూపర్‌వార్మ్స్ వేసేశాం. ఎన్నాళ్లు పస్తు ఉంచవచ్చు? మామయ్యగారేమో "పెరట్లో మిడతలు పట్టి వేస్తే పోలా, మన ఊళ్లో ఊసరవెల్లి తినేది అవేగా" అంటున్నారు. వేయొచ్చా?
- ఒక అమ్మ, టెక్సస్

సమాధానం:

మీ ఉత్తరంలో మొదట నా కంటికి తగిలిన మాట "రోజూ ఆరేడు". రెండేళ్ల మగ వెయిల్డ్ అంటే పూర్తిగా ఎదిగిన జంతువు. దానికి రోజూ మేత అక్కర్లేదు. ఒక రోజు విడిచి ఒక రోజు నాలుగైదు పురుగులు చాలు. పిల్లగా ఉన్నప్పుడు రోజూ కడుపునిండా పెట్టాలి కాబట్టి అదే అలవాటు కొనసాగిపోతుంది. ఏడాది దాటాక తగ్గించాలన్న సంగతి షాపులో ఎవరూ చెప్పరు. ఆకలి రుచెరుగదు అంటాం కదా, రంగాకి అసలు ఆకలే వేయడం లేదు. అతనిది కడుపు నిండిన బేరం. కొత్త పురుగు నచ్చలేదని మీరు అనుకుంటున్నారు కానీ, కొత్తదాన్ని ప్రయత్నించాల్సిన అవసరమే ఇంతవరకు అతనికి రాలేదు.

సూపర్‌వార్మ్ విషమేమీ కాదు. వారానికి ఒకటో రెండో పెట్టుకోవచ్చు. కానీ వంద గ్రాముల సూపర్‌వార్మ్స్‌లో 17, 18 గ్రాములు కొవ్వే. కీచురాళ్లలో అది ఆరేడు గ్రాములు, పట్టుపురుగుల్లో ఒకటీ ఒకటిన్నర. పైగా సూపర్‌వార్మ్‌లో కాల్షియం కంటే ఫాస్ఫరస్ పది రెట్లకు పైగా ఉంటుంది. ఎముకలకు కావాల్సిన లెక్కకు ఇది పూర్తిగా తలకిందులు. మీ వెట్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

ఇప్పుడు అసలు విషయం. ఊసరవెల్లి తిండిని ఎంచుకునేది కంటితో. వాసన పట్టి గిన్నె దగ్గరికి వచ్చే జంతువు కాదు. రెండు కళ్లూ దేని దారిన అవి తిరుగుతుంటాయి. ఏదైనా కదిలితే ముందు ఒక కన్ను అక్కడ ఆగుతుంది. తర్వాత రెండో కన్ను కూడా వచ్చి అదే చోట నిలుస్తుంది. ఒళ్లు మెల్లగా ముందుకు వంగుతుంది, నోరు కాస్త తెరుచుకుంటుంది, నాలుక మొన లేత రంగులో బయటికి తొంగి చూస్తుంది. అక్కడిదాకా వచ్చిందంటే ముప్పాతిక వంతు తిన్నట్టే.

డూబియా వేసినప్పుడు రంగా ఈ వరసలో ఎక్కడ ఆగిపోతున్నాడో చూడమని మీ అబ్బాయికి చెప్పండి. ఒక్క కన్ను కూడా నిలవలేదంటే అతనికి అక్కడ పురుగు ఉందనే తెలియలేదు. రెండు కళ్లూ నిలిచి, ఆ తర్వాత తల తిప్పుకుంటే చూశాడు, ఇది తినేదని నమ్మకం కుదరలేదు. నాలుక విసిరి పదే పదే గురి తప్పుతున్నా, నాలుక సగమే బయటికి వచ్చి ఆగిపోతున్నా అది అలక కింద లెక్కకాదు, ఆరోగ్య సమస్య. దాని గురించి కింద రాస్తాను. మీరు రాసినదాన్ని బట్టి రంగాది రెండో రకం. అంటే మనం మార్చాల్సింది పురుగును చూపించే తీరు.

డూబియాతో చిక్కేమిటంటే అది దొంగ పురుగు. మనిషి చెయ్యి కనిపిస్తే బిగుసుకుపోతుంది, అట్ట ముక్క కనిపిస్తే కిందికి దూరుతుంది. ముదురు గోధుమరంగు పురుగును ముదురు రంగు గిన్నెలో వేసి, అది ఓ మూల కదలకుండా కూర్చుంటే ఊసరవెల్లి కంటికి గింజతో సమానం. సూపర్‌వార్మ్ అలా కాదు, వేసింది మొదలు మెలికలు తిరుగుతూనే ఉంటుంది. రంగా మరిగింది దాని రుచికి ఎంతో, ఆ మెలికలకూ అంతే అనుకోండి.

కాబట్టి గిన్నె తెల్లది, నున్ననిది తీసుకోండి. నున్నటి గోడ డూబియా ఎక్కలేదు, లోపలే గిరగిరా తిరుగుతుంది. గిన్నెలో గుడ్ల అట్ట, ఆకు, పొట్టు ఏమీ ఉంచొద్దు. గిన్నెను రంగా కూర్చునే కొమ్మకు ఒక జానెడు దూరంలో, అతని కంటికి కాస్త దిగువన కట్టండి. అది కూడా ఫలించకపోతే ఒక డూబియాను పంజరం జాలీ మీద వదిలి చూడండి. జాలీ పట్టు దొరికితే అది పైకి పాకుతుంది. వెలుతురుకు ఎదురుగా ఆరు కాళ్లూ ఆడిస్తూ పైకి పోయే పురుగును చూసి ఊరుకునే ఊసరవెల్లి తక్కువ. పాకించిన పురుగును తినకపోతే మాత్రం వెతికి బయటికి తీసేయండి.

డూబియాల డబ్బాలో అప్పుడప్పుడు తెల్లగా పాలిపోయినట్టు ఒకటి కనిపిస్తుంది. జబ్బు పురుగని పారేయొద్దు. అది అప్పుడే కుబుసం విడిచినది. కొన్ని గంటలపాటు ఒళ్లంతా మెత్తగా, తెల్లగా ఉండి తర్వాత మళ్లీ రంగు తేలుతుంది. మొదటి డూబియాగా పెట్టడానికి దాన్ని మించింది లేదు, తెల్లగా స్పష్టంగా కనిపిస్తుంది, నమలడానికీ తేలిక. ఇంకో ఉపాయం, రెక్కలున్న మగ డూబియాను పట్టకారుతో వీపు దగ్గర మెల్లగా పట్టుకుని చూపించడం. అది ఎగరలేదు కానీ రెక్కలు కొట్టుకుంటుంది. సైజు విషయంలో ఒకటే కొలత: రంగా తల వెడల్పును మించిన పురుగు వద్దు.

పురుగులకు అద్దే కాల్షియం పొడి ఎక్కువైనా కొన్ని ఊసరవెల్లులు పురుగును ముట్టవు. తెల్లటి పిండిలో దొర్లించిన ఆకారం వాటికి పురుగులా కనిపించదేమో. కొత్త పురుగు అలవాటయ్యే మొదటి రోజుల్లో పొడి లేకుండా, లేదా చిటికెడే అద్ది ఇవ్వండి. అలవాటయ్యాక మామూలుగా అద్దవచ్చు. పొడికి బదులు తేనెటీగల పుప్పొడిని మెత్తగా దంచి అద్దితే కొన్ని ఊసరవెల్లులు ఇష్టంగా తింటాయి. దాన్ని ఇక్కడ బీ పాలెన్ పేరుతో ఆరోగ్య ఆహార దుకాణాల్లో అమ్ముతారు.

వేళ కూడా ముఖ్యమే. పొద్దున లైట్లు వెలిగాక ఒక గంట, గంటన్నర ఆగండి. అప్పటికి రంగా ఒళ్లు వెచ్చబెట్టుకుని, నీళ్లు తాగి, కొమ్మల మీద తిరుగుతుంటాడు. ఆ సమయంలోనే కొత్త పురుగును చూపించాలి. వెయిల్డ్ ఊసరవెల్లుల మీదే చేసి 2010లో ప్రచురించిన ఒక పరిశోధన ప్రకారం, ఒంటి వేడి పది డిగ్రీల సెల్సియస్ తగ్గినా నాలుక బయటికి దూసుకెళ్లే వేగం పెద్దగా తగ్గదు, వెనక్కి లాక్కునే వేగం మాత్రం దాదాపు సగానికి పడిపోతుంది. విసరడం సాగదీసిన కణజాలం స్ప్రింగులా విడుదలై జరిగే పని, లాక్కోవడం కండరం పని. అరుగుదలకూ వెచ్చదనమే కావాలి. లైటు కింది కొమ్మ దగ్గర 85 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉందో లేదో థర్మామీటరుతో ఒకసారి కొలవండి, అంచనా మీద వదిలేయొద్దు.

చూపించాక అందరూ అక్కడినుంచి తప్పుకోండి. తింటాడా లేదా అని నలుగురు ముఖాలు పంజరానికి ఆనించి చూస్తుంటే ఆ జీవి తినదు. పంజరం నేల మీద ఉంటే మనిషి కంటికంటే ఎత్తున ఉండేలా పైకి మార్చండి. కింది నుంచి పైకి చూడాల్సి వస్తే ఊసరవెల్లికి ఎప్పుడూ గుబులే.

ఇక మీరు రెండో రోజు చేసిన పని గురించి. ఉప్మా వద్దని మంకు పట్టిన పిల్లాడికి చివరికి నూడుల్స్ చేసి పెట్టామనుకోండి, మర్నాడు ఉప్మా ఎవరు తింటారు? కొత్త పురుగును వద్దన్న రోజున పాత పురుగును వేయకూడదు. సాయంత్రానికి గిన్నె తీసేయడం, మర్నాడు లేదా ఎల్లుండి మళ్లీ కొత్తదే చూపించడం. ఇందులో మొండితనం మీ వైపున ఉండాలి.

కఠినంగా అనిపిస్తే ఒక మధ్యేమార్గం ఉంది. అదే తెల్ల గిన్నెలో మూడు చిన్న డూబియాలు, ఒక సూపర్‌వార్మ్ కలిపి వేయండి. రంగా గురి సూపర్‌వార్మ్ మీదే ఉంటుంది. కానీ పురుగులు ఒకదాని మీద ఒకటి దొర్లుతుంటాయి, నాలుకకు ఏది తగిలితే అది వచ్చేస్తుంది. ఊసరవెల్లి నాలుక మొన మీది జిగురు మన లాలాజలం కంటే దాదాపు 400 రెట్లు చిక్కనిదని 2016లో లెక్కగట్టారు, తగిలింది జారిపోవడం అరుదు. నోట్లోకి వచ్చినదాన్ని చాలావరకు నమిలేస్తుంది. అలా పొరపాటున రెండుమూడు డూబియాలు లోపలికి పోయాక వాటిని వేరుగా పెట్టినా గుర్తుపడుతుంది. ఈ పద్ధతి మెల్లగా పనిచేస్తుంది, కానీ ఇంట్లో ఏడుపులుండవు.

అత్తయ్యగారికి నా తరఫున ఒక మాట చెప్పండి. డూబియా మన వంటింటి బొద్దింక కాదు. అది దక్షిణ అమెరికా జాతి. నున్నటి ప్లాస్టిక్ డబ్బా గోడ ఎక్కలేదు. 85 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పైన వెచ్చదనం ఉంటే తప్ప సరిగా పిల్లలు పెట్టదు, కాబట్టి ఏసీ ఇంట్లో ఒకటీ అరా తప్పించుకున్నా సంసారం పెట్టదు. కీచురాళ్లలా రాత్రంతా అరవదు, వాటంత కంపూ కొట్టదు. డబ్బాను గరాజ్‌లో పెట్టి, రోజూ చూడాల్సిన పని లేకుండా చేస్తే ఆవిడ కూడా సర్దుకుంటారు. (ఫ్లోరిడాలో ఉండే పాఠకులు మాత్రం డూబియా జోలికి పోవద్దు, అక్కడ వాటికి అనుమతి లేదు. డిస్కాయిడ్ అనే దగ్గరి జాతి వాడతారు.)

నన్నడిగితే రంగా విషయంలో డూబియా కంటే పట్టుపురుగు మీద ఎక్కువ ఆశ పెట్టుకోవచ్చు. మెత్తనిది, కరవదు, కొవ్వు తక్కువ, నీరు ఎక్కువ. లావైన ఊసరవెల్లికి ఇంతకంటే మంచి మేత దొరకదు. హిందూపురం, ధర్మవరం వైపు పట్టు రైతుల ఇళ్లు ఎరిగినవాళ్లకు దీని సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. నాలుగుసార్లు కుబుసం విడిచి, చివరి దశలో వారం రోజులపాటు ఆబగా మేసే పురుగే ఇది. ఇక్కడ ఆన్‌లైన్లో గుడ్లుగానో చిన్న పురుగులుగానో, మల్బరీ ఆకు పొడితో వండిన ముద్దతో పాటు పంపుతారు. ఒక్క చిక్కు: ముద్ద మీద పెరిగిన పురుగు ఆకు వేస్తే హాయిగా తింటుంది, ఆకు మరిగిన పురుగు మళ్లీ ముద్దను ముట్టదు. మీ ఇంట్లో మొండిఘటం రంగా ఒక్కడే అనుకోకండి.

పట్టుపురుగు లోపం కూడా డూబియా లోపమే, అంతగా కదలదు. గిన్నెలో వేస్తే పడి ఉంటుంది. అందుకని పచ్చటి రెమ్మ మీద పాకించి, ఆ రెమ్మను రంగా ఎదురుగా వేలాడదీయండి. కాళ్లతో గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి పడిపోదు. పచ్చ ఆకు మీద తెల్లటి పురుగు తల ఎత్తి అటూ ఇటూ ఊపుతుంటే చూపు పడుతుంది. తినకుండా మిగిలినవి గూడు కట్టేస్తే అదీ నష్టం కాదు. రెండు మూడు వారాల్లో గూటిలోంచి రెక్కల పురుగు వస్తుంది. ఎగరలేదు కానీ మగది ఒక్క చోట నిలబడి రెక్కలు టపటపా కొట్టుకుంటూనే ఉంటుంది. ఎంత అలిగిన ఊసరవెల్లి కన్నయినా అక్కడికి తిరగాల్సిందే.

ఇదే కిటుకు బ్లాక్ సోల్జర్ ఫ్లై పురుగులతో ఇంకా తేలిక. షాపుల్లో చిన్న కప్పులో అమ్ముతారు, రకరకాల వ్యాపార పేర్లతో. మేత పురుగుల్లో కాల్షియం ఫాస్ఫరస్‌కు మించి ఉండే అరుదైన రకం ఇది. పురుగుగా ఉన్నప్పుడు రంగా వద్దంటే కప్పును అలాగే గది వేడిలో వదిలేయండి. నల్లబడి, బిగుసుకుని, కొన్ని వారాల్లో ఈగలైపోతాయి. కప్పును పంజరంలో పెట్టి మూత తీస్తే ఒక్కొక్కటే ఎగిరి ఆకుల మీద వాలుతుంది. ఇవి కుట్టవు, వంటగది ఈగల్లా తిండి మీద ముసరవు. తిండి వద్దని భీష్మించిన ఊసరవెల్లికి ముందుగా ఈగను చూపించడం ఇక్కడ పెంపకందార్లలో పాత అలవాటు. ఒకసారి వేట మొదలైతే తర్వాత వేరే పురుగుల వైపు కూడా మనసు పోతుంది.

హార్న్‌వార్మ్ అని నీలిపచ్చ రంగు లావుపాటి పురుగు దొరుకుతుంది, దాదాపు అంతా నీరే. అప్పుడప్పుడు ఒకటి ఇవ్వండి. కానీ మీ పెరటి టమాటా మొక్కను కరకరా నమిలే పచ్చపురుగు అదే కోవకు చెందినదని చెప్పి దాన్ని మాత్రం వేయొద్దు. టమాటా ఆకుల్లోని విషాలు దాని ఒంట్లో ఉంటాయి. కొనేవి ఆకు లేకుండా పెంచినవి.

ఏ పురుగైనా వేసే ముందు ఒక రోజు దానికి మంచి మేత పెట్టండి: ఆవ ఆకు, గుమ్మడి, క్యారట్, చిలగడదుంప. మీ ఇంట్లో మునగాకు పొడి ఉంటే డూబియాల మేతలో కాస్త చల్లండి, కాల్షియం బాగా ఉంటుంది. పాలకూర వద్దు.

ఎన్నాళ్లు పస్తు అని అడిగారు. ఎదిగిన, ఆరోగ్యంగా ఉన్న, కాస్త లావుగా ఉన్న మగ వెయిల్డ్ నాలుగైదు రోజులు తినకపోతే కంగారు పడక్కర్లేదు, వారం దాకా ఆగవచ్చు. నీళ్లు మాత్రం రోజూ ఆకుల మీద చిలకరించాల్సిందే, నీళ్లు బొట్టు బొట్టుగా వదిలే డ్రిప్పర్ నడవాల్సిందే. వెయిల్డ్‌లు యెమెన్, సౌదీ నైరుతి కొండల నుంచి వచ్చినవి, ఆకులు కూడా కొరుకుతాయి. పంజరంలో పోథోస్ (మనీ ప్లాంట్), మందార లాంటి మొక్కలుంటే వాటిని నమిలినా గాబరా పడకండి. వంటింటి డిజిటల్ త్రాసు మీద వారానికోసారి గ్రాముల్లో తూచి కాగితం మీద రాసిపెట్టమని మీ అబ్బాయికి చెప్పండి. బరువులో పదో వంతు తగ్గితే పంతం ఆపేసి వెట్ దగ్గరికి వెళ్లాలి. ఏడాది లోపు పిల్లలకు ఈ పస్తు పద్ధతి పనికిరాదు. ఆడవాటికీ అంతే. మగతోడు లేకపోయినా అవి గుడ్లు పెడతాయి, పెట్టే ముందు తిండి మానేస్తాయి. అప్పుడు కావాల్సింది గుడ్లు పెట్టుకోవడానికి తవ్వుకోదగ్గ తడి ఇసుక తొట్టి.

ఇందాక వాయిదా వేసిన సంగతి. పగటిపూట కళ్లు మూసుకుని ఉండటం, కళ్లు గుంటలు పడటం, మలంతో వచ్చే తెల్లటి ముద్ద నారింజ రంగుకు తిరగడం, దవడ మెత్తబడటం, కాళ్లు వంకర పోవడం, నాలుక గురి తప్పడం, వీటిలో ఏది కనిపించినా పురుగులు మార్చే ప్రయత్నం పక్కన పెట్టండి. నీరు చాలకపోవడం, కాల్షియం లేదా విటమిన్ ఎ లోపం, కడుపులో పరాన్నజీవులు, యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) ఇచ్చే ట్యూబు లైటు పాతబడటం, కారణం ఏదైనా కావచ్చు. ట్యూబు వెలుగుతున్నంత మాత్రాన యూవీబీ ఇస్తున్నట్టు కాదు, కొన్న తేదీ చూసుకోండి. మలం పరీక్ష చేయించారో లేదో మీరు రాయలేదు. చేయించకపోతే చేయించండి.

మామయ్యగారి మిడతల సంగతి. ఊళ్లో ఊసరవెల్లి మిడతల్ని తింటుంది, నిజమే. కానీ డాలస్ చుట్టుపక్కల కాలనీల్లో లాన్‌కి ఎవరు ఎప్పుడు ఏ మందు కొట్టారో మీకు తెలియదు. మీరు కొట్టకపోయినా పక్కింటివాళ్లు కొడతారు, మిడత కంచె దాటి వస్తుంది. టెక్సస్‌లో లబ్బర్ అనే లావుపాటి రంగుల మిడతలుంటాయి, అవి విషపూరితం. అన్నిటికంటే ప్రమాదం వేసవి సాయంత్రాల్లో పెరట్లో మెరిసే మిణుగురులు. ఒక్క మిణుగురు చాలు, బల్లి జాతి జంతువు ప్రాణం పోవడానికి. బియర్డెడ్ డ్రాగన్లు అనే పెంపుడు బల్లులు అలా చనిపోయిన సంగతి 1999లోనే పరిశోధకులు రాశారు. పిల్లలు సరదాగా పట్టి పంజరంలో వదలకుండా ముందే హెచ్చరించండి.

ఇంకొకటి, మామయ్యగారికి తెలియకపోవచ్చు. మన పొలం గట్ల మీద తిరిగే ఊసరవెల్లి వేరే జాతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దానికి రక్షణ ఉంది, పట్టి పెంచుకోవడం నేరం. ఈ ఉత్తరం చదివి అక్కడ ఎవరికైనా ఆలోచన వస్తే అక్కడితో ఆపేయాలి. మామయ్యగారికి పని కావాలంటే మల్బరీ ఆకు కోసుకొచ్చే బాధ్యత అప్పజెప్పండి. టెక్సస్‌లో మల్బరీ చెట్లకు కొదవ లేదు. మందు కొట్టని చెట్టేనా అని ఇంటివాళ్లను అడిగి కోయాలి, పురుగులకు వేసే ముందు ఆకు మీద తడి లేకుండా తుడవాలి. తడి ఆకు తింటే పట్టుపురుగులకు రోగాలొస్తాయి.